మార్స్ మీద బొగ్గుంటదా సార్?

రిటైరయ్యాక మొదటిసారి కరీంనగర్‌లో ఒక కాలేజీకి మాట్లాడటానికి పోయినప్పుడు అరవై నాలుగు స్లైడ్లు తయారు చేసుకొని పోయాను. ముప్పై ఆరేళ్లు ఇస్రోలో రివ్యూ మీటింగులకు అలవాటు పడ్డవాణ్ణి, స్లైడు లేకుండా నోరు పెగలదు. పదకొండో స్లైడు దగ్గర కరెంటు పోయింది. జనరేటరుంది కానీ అందులో డీజిలు లేదు. హాల్లో చీకటి, రెండు వందల మంది పిల్లలు, స్టేజీ మీద నేను. ఏం తోచక "ఏమైనా అడుగుతారా?" అన్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి ఒక గొంతు వచ్చింది.

"సార్, ఆడ మార్స్ కాడ కరెంట్ పోతే ఎట్ల?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సోలార్ పలకలుంటాయి, నీడలోకి పోయినప్పుడు బ్యాటరీ పని చేస్తుంది అని చెప్పాను. "బ్యాటరీ గూడ అయిపోతే?" అన్నాడు వాడు. అట్లా కాకుండా లెక్క వేసుకుంటాం అన్నాను. అది 2022 మార్చి. ఆ జవాబు సంగతికి మళ్లీ వస్తాను.

ఆ రోజు తర్వాత స్లైడ్లు మానేశాను. ఇప్పుడు ఒక గుడ్డసంచి పట్టుకొని పోతాను. అందులో ఒక బత్తాయి, ఒక నిమ్మకాయ, మా ఇంటి కొట్టంలో దొరికిన పాత నాగలి కర్రు ఉంటాయి. భూమి బత్తాయి అయితే అంగారకుడు నిమ్మకాయ. భూమి అడ్డుకొలత సుమారు 12,742 కిలోమీటర్లు, అంగారకుడిది 6,779. కర్రు దేనికంటే, రంగు చూపించడానికి. దానికి జంగు పట్టింది. అంగారకుడి నేల ఎరుపు కూడా ఇనుముకు పట్టిన జంగే. నిర్మల్ దిక్కు పోయినప్పుడు ఈ మాట ఇంకాస్త సాగదీస్తాను. గోదావరి అవతల కోనసముద్రంలో ఒకప్పుడు పోసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారని, ఇనుము గురించి మన తాతలకు ఒకరు చెప్పాల్సిన పని లేదని. పిల్లలకంటే టీచర్లే ఎక్కువ సంతోషపడతారు.

గోదావరిఖనిలో మాత్రం కర్రు బయటికి తీసేదాకా కూడా ఆగలేదు. సింగరేణి కాలనీల పిల్లలు. ముందు వరసలో కూర్చున్న పిలగాడు చెయ్యి కూడా ఎత్తకుండానే లేచాడు.

"మార్స్ మీద బొగ్గుంటదా సార్?"

"ఉండదు. బొగ్గు కావాలంటే ముందు అడవి కావాలి" అన్నాను. గోదావరి లోయలో ఉన్న బొగ్గు పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి అడవులది. చెట్లు బురదలో కూలి, మీద ఇసుక పడి, నేల కుంగి, మళ్లీ అడవి పెరిగి, మళ్లీ కూలి, పొర మీద పొర పడింది. బొగ్గు పొరల నడుమ పలకరాళ్ల మీద ఆకుల అచ్చులు దొరుకుతాయి. అంగారకుడి మీద నీళ్లు పారాయి, నిజమే. 2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ రోవర్ దిగిన జెజెరో గుంటలో ఒకప్పుడు నది వచ్చి కలిసిన గుర్తులున్నాయి. కానీ ఆ నీళ్లు పారింది మూడు వందల కోట్ల ఏళ్లకు ముందు. అప్పటికి భూమి మీద కూడా గడ్డిపోచ లేదు.

చక్కగా చెప్పాననుకున్నాను. వాడు కూర్చోలేదు.

"తవ్వి చూసిండ్రా?"

"తవ్వి అంటే..."

"తవ్వకుంటే ఎట్ల తెలుస్తది సార్?"

బాయి పనికి పోయేవాళ్ల పిల్లలు వాళ్లు. నేల కింద ఏముందో పైన నిలబడి చెప్పేవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. క్యూరియాసిటీ రోవర్ రాతిలో వేసే బెజ్జం ఐదారు సెంటీమీటర్ల లోతు ఉంటుందన్నాను. హాలంతా గొల్లుమంది. ఇన్‌సైట్ అని ఒక యంత్రం పోయిందని, ఐదు మీటర్ల లోపలికి మేకులాంటి పరికరాన్ని దించి నేల వేడి కొలవాలనుకుందని, అక్కడి మన్ను పట్టు ఇవ్వక అది ఎగిరెగిరి పడి ఉన్నచోటే ఉండిపోయిందని, దాదాపు రెండేళ్లు తిప్పలు పడి 2021 జనవరిలో ఆ ప్రయత్నం మానుకున్నారని చెప్పాను. "మా బాపును తోలియ్యాల్సింది సార్" అన్నాడు వాడు. మైనింగ్ మీద ఉన్న అనుభవాన్ని నాసా వాళ్లు గోదావరిఖనిలో వెతకకపోవడం పొరపాటేనని నేనూ ఒప్పుకున్నాను.

ఆ నవ్వులు సద్దుమణిగాక ఒక అమ్మాయి లేచింది. తొమ్మిదో తరగతి. పేరు రాయను. అంగారకుడి చుట్టూ తిరగడానికి ఇస్రో పంపిన మంగళ్‌యాన్ మీద ఏమేం పంపారని అడిగింది. మొత్తం బరువు 1,337 కిలోలు, అందులో పరికరాల బరువు 15 కిలోలు, ఐదు పరికరాలు అని మొదలుపెట్టాను. మీథేన్ వెతికే పరికరం అనగానే "గ్యాసా సార్?" అంది. "మా బాపు సర్దార్. షిఫ్ట్ మొదలు గాంగనే గ్యాస్ చూస్తడు. ఒకటీ పాయింట్ రెండు అయిదు దాటితే కరెంట్ బంద్ చేపిస్తడు."

నేను ఎన్నో సభల్లో మీథేన్ గురించి చెప్పాను. అది పశువుల కడుపులో పుడుతుంది, చిత్తడి నేలల్లో పుడుతుంది, జీవం ఉందనడానికి ఒక ఆనవాలు కావచ్చు, అందుకే అంగారకుడి మీద దాన్ని వెతుకుతాం అని. విన్నవాళ్లు తలూపేవారు. కానీ మీథేన్ ఇంటి మాట అయిన మనిషి నాకు మొదటిసారి తగిలింది. ఆ అమ్మాయికి అది జీవం గుర్తు కాదు, బాపు సాయంత్రం ఇంటికి వస్తాడా రాడా అనే లెక్క.

"మరి దొరికిందా సార్?" అంది.

నిజం చెప్పక తప్పలేదు. మన పరికరం మీథేన్ సంగతి తేల్చలేదు. దాని కొలతలు అంగారకుడి నేల సూర్యకాంతిని ఎక్కడెక్కడ ఎంత తిప్పికొడుతుందో పటం గీయడానికి పనికొచ్చాయి. క్యూరియాసిటీకి తాను దిగిన గుంటలో కొద్దిగా కనపడింది. కొద్దిగా అంటే వంద కోట్ల పాళ్లలో మామూలుగా ఒక పాలు కూడా లేదు. అప్పుడప్పుడు కాసింత పెరిగి మళ్లీ తగ్గింది. యూరప్ వాళ్ల ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ 2018 నుంచి పైనుంచి వెతికితే అసలేమీ కనపడలేదు. రెండూ మంచి పరికరాలే.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "మా బాపోళ్లయితే రెండు మీటర్లు రెండు తీర్లు చూపిస్తే మూడోది తెచ్చి చూస్తరు సార్."

ఆ మాట మీద శాస్త్రజ్ఞులు ఇన్నేళ్లుగా వ్యాసాలు రాస్తున్నారు. మూడోది ఇంకా పోలేదు.

నా గురించి కూడా అడుగుతుంటారు, మీరెట్ల పోయిండ్రు సార్ ఇస్రోలకు అని. స్కైలాబ్ వల్ల. 1979 జూలై, నేను ఇంటర్ అయిపోయి పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో ఉన్నాను. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కింద పడబోతోందని రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో చెప్పలేదు. ఊళ్లో మేకలు, కోళ్లు కోసుకొని తిన్నారు, ఎట్లాగూ చస్తాం గదా అని. అప్పులోళ్లు అప్పు అడగడం మానేశారు. మా అమ్మ పెట్టలన్నీ అయిపోయాక పుంజును కూడా కోయించింది. తీరా అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి ఎడారిలోనూ పడింది. మర్నాటి నుంచి ఊళ్లో గుడ్డు దొరకలేదు. నాకు భయం కంటే కోపమొచ్చింది. అంత పెద్దదాన్ని పైకి పంపినవాళ్లకు అది ఎప్పుడు ఎక్కడ ఉంటుందో తెలియకపోవడమేమిటి? వరంగల్ ఆర్‌ఈసీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నన్నాళ్లూ ఆ కోపం పోలేదు. 1985లో చేరాక నాకు దొరికిన పని కూడా అదే. పైన ఉన్నది ఎక్కడుందో కనిపెడుతూ ఉండటం, ఏ వేళకు ఏ యాంటెనా ఎటు చూడాలో లెక్క వేయడం. రాకెట్ తయారు చేయలేదు, ఉపగ్రహం తయారు చేయలేదు. వినే పని.

జగిత్యాలలో నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న వేరు. ఇంటర్ అమ్మాయి, మాటలో భయం లేదు. "సార్, మార్స్ అంటే కుజుడే గదా. మా అక్కకు కుజదోషం ఉన్నదని రెండు సంబంధాలు తప్పినయి. మీరు మార్స్‌ను చూసిండ్రు గదా. ఉన్నదా సార్ దోషం?"

ముందు వరసలో కూర్చున్న తెలుగు మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఇట్లాంటి చోట రెండు రకాల జవాబులు చెలామణిలో ఉన్నాయి. ఒకటి, సైన్సుకు దానికి సంబంధం లేదమ్మా అని దాటేయడం. రెండోది, మన పూర్వీకులకు అన్నీ తెలుసు అని చప్పట్లు కొట్టించుకోవడం. రెండూ నాకు నచ్చవు. మంగళ్‌యాన్ అక్కడికి చేరేదాకా పది నెలలు, చేరాక ఇంకెన్నో ఏళ్లు ఆ గ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో నిమిషాలతో సహా లెక్క కట్టాను. దాని బరువు తెలుసు, దాని గాలి తెలుసు, ఆ గాలిలో నూటికి తొంభై ఐదు పాళ్లు బొగ్గుపులుసు వాయువే అని తెలుసు. భూమి మీద అరవై కిలోల మనిషి అక్కడ ఇరవై మూడు కిలోలు తూగుతాడని తెలుసు. అంత దూరం నుంచి మీ అక్క పెళ్లి చెడగొట్టేది ఏదీ మాకు దొరకలేదు. చెడగొట్టింది కుజుడు కాదు, పిల్లవాడి తరఫువాళ్లు. ఈ మాటే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అమ్మాయి కూర్చోలేదు. "మరి మీ బిడ్డ పెండ్లికి జాతకం చూపిచ్చిండ్రా సార్?"

చూపించాం. మా ఇంటావిడ చూపించింది, నేను పక్కన కూర్చున్నాను. నేను చూపించలేదు అని చెప్పొచ్చు, అది కూడా అబద్ధం కాదు. కానీ ఆ హాల్లో ఆ మాట నోటికి రాలేదు. "చూపించాం బిడ్డా. నేను అడ్డు చెప్పలేదు. చెప్పాల్సింది" అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. ఆ అమ్మాయి మాత్రం తల ఊపి కూర్చుంది.

దీనికి తోక ఒకటుంది. మంగళ్‌యాన్ శ్రీహరికోట నుంచి లేచింది 2013 నవంబర్ 5, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు. ఏ వారమో చూసుకోండి, మంగళవారం. మా అమ్మ ఫోన్ చేసి "మంగళారం నాడు ఎవలన్న పయనం పెట్టుకుంటరా? ఇంతమంది సదువుకున్నోళ్లున్నరు, ఒక్కరికి తెల్వదా?" అంది. నిజానికి అనుకున్నది అక్టోబర్ 28న. రాకెట్ నాలుగో దశ మండేది పసిఫిక్ మీద. అక్కడి నుంచి సంకేతం అందుకోవడానికి నలంద, యమున అనే రెండు ఓడలను పంపితే తుపాను వాతావరణంలో ఒకటి సమయానికి చేరలేదు. అందుకని వారం ఆగాం. నవంబర్ 19 దాటితే మళ్లీ ఇరవై ఆరు నెలలు కూర్చోవాలి. భూమీ అంగారకుడూ అనువుగా రావడానికి అంత కాలం పడుతుంది. మాకూ ముహూర్తాలుంటాయమ్మా, కాకపోతే రాహుకాలం లెక్కలోకి రాదు అని చెప్పాను. ఆమె నమ్మలేదు. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వాళ్లు 1964 నుంచి ప్రతి ముఖ్యమైన రోజూ కంట్రోల్ రూములో పల్లికాయలు తింటారని తర్వాత ఎప్పుడో చెబితే, "వాళ్లకు నయం, పద్ధతి తెలుసు" అంది.

ఎక్కడికి పోయినా తప్పకుండా వచ్చే ప్రశ్న, "మీకు భయమయిందా సార్?" అయింది. దాని గురించి చెప్పాలంటే క్యాసెట్ సంగతి చెప్పాలి.

మా బాబాయి 1982లో దుబాయి పోయాడు. మా ఊళ్లో అప్పుడు ఫోన్ లేదు, నాయనమ్మకు చదువు రాదు. అప్పట్లో మా దిక్కు ప్రతి గల్ఫ్ ఇంట్లోనూ ఉన్న పద్ధతే. టేప్‌రికార్డర్ ముందు కూర్చొని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను సెలవు అయిపోయి తిరిగిపోయే మనిషి చేతికివ్వడం. మొదటిసారి నాయనమ్మ "పైలంగ ఉన్నవా కొడుకా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. "పలుకుతలేడేందిరా?" అంది నాతో. జవాబు నలభై రోజులకు ఇంకో క్యాసెట్‌లో వచ్చింది. అప్పటికి ఆమె అడిగిందేమిటో ఆమెకే గుర్తు లేదు.

రెండు మూడు క్యాసెట్లయ్యాక ఆమె నేర్చుకుంది. "కొడుకా, పైసలు అందితే బాయికి మోటర్ పెట్టియ్యమని మీ అన్నకు చెప్త. అందకపోతే ఈ కారు పంట అయినంక చూసుకుంటం. నీకు పానం బాగలేకపోతే షేకును సెలవడుగు, ఇయ్యకపోతే మన ఊరోడు రాజయ్య కొడుకు కాడికి పో, ఆడ లేకపోతే..." అన్నిటికీ ముందే దారి చెప్పేది. మధ్యలో అడ్డుపడి సర్దడానికి వీల్లేదు గనక, జరగబోయేదంతా ఒకేసారి ఊహించి, ఒక్కోదానికి ఒక్కో మాట చెప్పిపెట్టేది.

2014 సెప్టెంబర్ 24 తెల్లవారుజామున బెంగళూరు పీణ్యాలో మా కంట్రోల్ రూములో కూర్చున్నప్పుడు నాకు నాయనమ్మే గుర్తొచ్చింది. అంగారకుడు 22 కోట్ల కిలోమీటర్ల పైన ఉన్నాడు. మనం ఒక మాట పంపితే చేరడానికి పన్నెండున్నర నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో పన్నెండున్నర. ఇంజన్ మండాల్సింది సుమారు ఇరవై నాలుగు నిమిషాలు. ఏదైనా తేడా వచ్చిందని మనకు తెలిసి, మనం ఏదో చెప్పి, అది అక్కడికి చేరేసరికి అంతా అయిపోతుంది. అందుకని చెప్పాల్సినదంతా పది రోజుల ముందే, సెప్టెంబర్ 14, 15 తేదీల్లోనే ఎక్కించేశాం. ఫలానా వేళకు తిరుగు, ఫలానా వేళకు మండు, వేగం ఇంత తగ్గగానే ఆపు, పెద్ద ఇంజన్ రాకపోతే ఎనిమిది చిన్న ఇంజన్లతో పని కానియ్యి. ఒకవేళ, ఒకవేళ, ఒకవేళ.

ఆ పెద్ద ఇంజన్ దాదాపు మూడు వందల రోజులు నిద్రలో ఉంది. రెండు రోజుల ముందు నాలుగు సెకన్లపాటు మండించి చూస్తే లేచింది. అయినా నాలుగు సెకన్లు వేరు, ఇరవై నాలుగు నిమిషాలు వేరు. ఉదయం 7 గంటల 17 నిమిషాలకు అక్కడ ఇంజన్ అంటుకోవాలి. అంటుకుందో లేదో మాకు తెలిసేది 7:30కి. అప్పుడు బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న మన యాంటెనాకు అంగారకుడు ఇంకా అందే చోట లేడు. నాసా వాళ్ల కాన్‌బెర్రా స్టేషన్ నుంచి కబురొచ్చింది, మండుతోందని. అంతలోనే యంత్రం అంగారకుడి వెనక్కి పోయింది. ఇక ఏ చెవికీ ఏమీ వినపడదు. మా వెనక ప్రధానమంత్రి కూర్చొని ఉన్నారు, టీవీల్లో దేశమంతా చూస్తోంది. మాకు చేయడానికి పని లేదు. చేయగలిగిందంతా అయిపోయింది. ఆ అరగంట సేపు నేను ఒక పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం చేశానట, పక్కన కూర్చున్నాయన చెప్పాడు.

దగ్గర దగ్గర ఎనిమిది గంటలకు, గ్రహం చాటు నుంచి బయటికి వచ్చాక, సంకేతం వచ్చింది. వేగం సెకనుకు దాదాపు 1.1 కిలోమీటర్లు తగ్గింది. కావలసింది అంతే.

ఈ కథ కోరుట్లలో చెప్పినప్పుడు ఒక పిలగాడు అడిగాడు, మార్స్ మీదికి మనుషులు పోతే ఎన్నేండ్లకు తిరిగొస్తారని. పోవడానికి ఏడెనిమిది నెలలు, అక్కడ ముహూర్తం కోసం ఏడాది పైన ఆగాలి, మళ్లీ రావడానికి అంతే, మొత్తం మూడేళ్లకు కొంచెం తక్కువ అన్నాను. "మా బాపు గూడ మూడేండ్లకే వస్తడు సార్, మస్కట్ నుంచి" అన్నాడు. కూర్చున్నాడు. నేను కర్రు తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు ఇంకేమీ చెప్పాలనిపించలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. పిల్లలు "జీతమెంత?" అని అడుగుతారు, టీచర్లు వాళ్లను కసురుకుంటారు. కసరాల్సిన పని లేదు, అది సిసలైన ప్రశ్న. ఇంజినీరింగ్ చదివి సైంటిస్ట్‌గా చేరితే మూల వేతనం 56,100 దగ్గర మొదలు. డిప్లొమా చేసి టెక్నికల్ అసిస్టెంట్ అయితే 44,900. ఐటీఐ చేసి టెక్నీషియన్‌గా చేరితే 21,700. మూడో లెక్క చెప్పినప్పుడు హాల్లో ఏదో మారుతుంది. ఐటీఐ వాళ్లను ఇస్రో తీసుకుంటుందని చాలామందికి తెలియదు. మంచిర్యాలలో ఒక పిలగాడు రెండుసార్లు అడిగాడు, "ఫిట్టర్ సార్, ఫిట్టర్ ట్రేడ్‌కు గూడనా?" అని. ఫిట్టర్‌కు కూడా. బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల యాంటెనా పట్టాల మీద చక్రాలతో తిరుగుతుంది. ఆ చక్రాలు తిరగాల్సిన వేళకు తిరగకపోతే నేను వేసే లెక్కలు చిత్తు కాగితాలు. వాటిని చూసుకునేవాళ్లు పీహెచ్‌డీలు చేసి రాలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక అని వేసవిలో ఇస్రో పెట్టే శిబిరం ఉంది, 2019 నుంచి. పల్లెటూరి బడుల పిల్లలకు అదనపు మార్కులు కలుపుతారు. ఈ మాట ఎన్ని బళ్లలో చెప్పానో, ఎన్ని బళ్లలో అప్పటికి దరఖాస్తు గడువు దాటిపోయిందో చెప్పను.

తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే. ఏ కాలేజీలో వెయ్యమంటరు సార్? నాకు తెలియదు. తిరువనంతపురంలో అంతరిక్ష విద్య కోసమే 2007లో పెట్టిన ఐఐఎస్‌టీ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి పోవాలి, అంతవరకు చెప్పగలను. దానికి ముందు రెండేళ్లు పిల్లవాణ్ణి ఏ హాస్టల్లో పెట్టాలో చెప్పలేను. నా దగ్గరికి కొత్తగా వచ్చే ఇంజినీర్లకు మొదటి వారం ఒక కేబుల్ ఇచ్చి కనెక్టర్ బిగించమనేవాణ్ణి. మంచి ర్యాంకులొచ్చిన పిల్లలు కూడా స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో ఒక క్షణం ఆగి ఆలోచించేవారు. నేర్చుకునేవారు, అది వేరే సంగతి. కానీ ఇంట్లో చెడిపోయిన ఫ్యాన్ ఎప్పుడూ విప్పనివ్వకుండా పెంచి, రాకెట్ చేసే ఉద్యోగం కావాలనడం నాకు అర్థం కాదు.

అమ్మాయిలు ఆ ఫోటో గురించి అడుగుతారు. మంగళ్‌యాన్ చేరిన రోజు పట్టుచీరలు కట్టుకొని పూలు పెట్టుకొని ఒకరినొకరు కౌగిలించుకున్న ఆడవాళ్ల ఫోటో. ప్రపంచమంతా వాళ్లను శాస్త్రవేత్తలనుకుంది. ఆ ఫోటోలో ఉన్నవాళ్లు ఆఫీసు పనులు చూసే ఉద్యోగులు. సంతోషం వాళ్లది కూడా కదా. కన్సోళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు వేరు. నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ ఇద్దరూ ఆ మిషన్ ఆపరేషన్స్‌లో డిప్యూటీ డైరెక్టర్లు. చంద్రయాన్-3కి డిప్యూటీ ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా చేసిన కల్పన మన తెలుగమ్మాయే, చిత్తూరు జిల్లా. ఈ పేర్లు బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్‌బుక్కుల్లో రాసుకుంటారు. గోదావరిఖని అమ్మాయి మాత్రం "గ్యాస్ మిషన్ తయారు చేసింది ఎవలు సార్?" అని అడిగింది. అహ్మదాబాద్ కేంద్రంలో మౌమితా దత్తా ఆ పని మీద ఉన్నారని చెబితే ఆ ఒక్క పేరే రాసుకుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. 2025 జనవరి, కేస్లాపూర్ నాగోబా జాతరకు వారం ముందు. ఉట్నూరు దిక్కు ఏజెన్సీలో ఒక బడికి పిలిచారు. సాయంత్రం నాలుగు గ్రహాలు ఒకేసారి కనపడుతున్న రోజులవి. పడమట శుక్రుడు, శని, నడినెత్తికి దగ్గరగా గురుడు, తూర్పున పునర్వసు చుక్కల పక్కన ఎర్రగా అంగారకుడు. టెలిస్కోపు ఉందా అంటే ఉంది సార్ అన్నారు. బీరువాలో. తాళంచెవి బదిలీ అయిపోయిన ఒక గుమస్తా దగ్గరుంది, అతను ఫోన్ ఎత్తడు. గంటన్నర పంచాయితీ తర్వాత వాచ్‌మన్ రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు. పెట్టె మీద ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. పెట్టె మీద సంవత్సరం చూశాను. అది కొన్నప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఆనాటికి పదోతరగతి పరీక్షలు రాయబోతున్నారు.

ఆదిలాబాద్ చలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్లలు దుప్పట్లు కప్పుకొని వరస కట్టారు. చిన్నవాళ్లలో కొందరికి తెలుగు అంతగా రాదు. పదో తరగతి అమ్మాయి ఒకతె నా మాటలు గోండిలో చెప్పింది. నేను రెండు ముక్కలు చెబితే ఆమె ఆరు ముక్కలు చెప్పేది. ఎక్కువగా ఏం కలిపిందో నాకు తెలియదు, వాళ్లు మాత్రం శ్రద్ధగా విన్నారు. గురుడి నాలుగు చందమామలు చూసి కేకలు పెట్టారు. అంగారకుణ్ణి చూపించాను. నారింజ రంగు చుక్క, కాస్త గుండ్రంగా, అంతే.

"ఇంతేనా సార్?"

ఇంతే. అప్పటికి తొమ్మిదిన్నర కోట్ల కిలోమీటర్ల పైన ఉన్నాడు, రెండేళ్లలో బాగా దగ్గరగా వచ్చిన నెల అదే. అయినా ఇంతే. పత్రికల్లో వచ్చే ఎర్రటి పెద్ద బొమ్మలు చూసిన కళ్లకు నచ్చదు. ఒక పిలగాడు టెలిస్కోపు వదిలి ఉత్తరం దిక్కు చూపించి, ఇంకాస్త పొద్దుపోతే అక్కడ మంచం చుక్కలొస్తాయి సార్ అన్నాడు. సప్తర్షి మండలంలో నాలుగు చుక్కలు మంచమట, వెనక మూడు దొంగలట. వాళ్ల తాత చెప్పాడట. అది చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదని నాకు చెప్పాడు.

దుభాషిగా ఉన్న అమ్మాయి చివరికి తన ప్రశ్న అడిగింది. మన మంగళ్‌యాన్ ఇందులో కనపడుతుందా? కనపడదు. ఇప్పుడేం చేస్తోంది? అప్పుడు కరీంనగర్ పిలగాడికి సగమే చెప్పిన జవాబు పూర్తిగా చెప్పాను. ఆరు నెలల కోసం పంపిన యంత్రం దాదాపు ఎనిమిదేళ్లు పని చేసింది. 2022 ఏప్రిల్‌లో, నేను ఆ హాల్లో అట్లా కాకుండా లెక్క వేసుకుంటాం అని చెప్పిన మరుసటి నెలలో, అది అంగారకుడి నీడలో చాలాసేపు ఉండాల్సి వచ్చింది. ఆ నీడ నుంచి తిరిగి మాట కలవలేదు. అక్టోబర్‌లో ఇస్రో దాని పని అయిపోయిందని ప్రకటించింది. యంత్రం అక్కడే ఉంది, ఆ చుట్టే తిరుగుతోంది, మాట్లాడదు. ఇదంతా ఆమె చిన్నవాళ్లకు గోండిలో చెప్పింది. ఈసారి నేను చెప్పినదానికంటే తక్కువే చెప్పింది.

అంగారకుడు మళ్లీ దగ్గరికి వచ్చేది 2027 ఫిబ్రవరి 19న, రాత్రంతా మఖ నక్షత్రం దిక్కున కనపడతాడు. మీ ఊరి బడిలో టెలిస్కోపు ఉంటే బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇప్పుడే కనుక్కోండి.